బాపు కట్టిన వల

నా చిన్నప్పుడు మా ఇంటికి తాళం బయటి వైపు పడేది. నేను లోపలి వైపు ఉండేదాన్ని. పొద్దున బాపు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్ఖానాకు, అమ్మ చీరలు మడతపెట్టే పనికి బయలుదేరేవాళ్లు. ముందు గొళ్లెం పడిన చప్పుడు వినిపించేది, తర్వాత తాళం నొక్కిన చప్పుడు, ఆ తర్వాత బాపు దాన్ని ఒకసారి గుంజి చూసుకునే చప్పుడు. ఆ గుంజుడుతో నా పగలు మొదలయ్యేది.

సూరత్‌లో మేముండే వడోద్ అప్పటికి ఇంకా సగం పల్లె. మా ఖోలీల వరసకు ముందు పాండేసర మిల్లులకు పోయే దారి, వెనక చెరకు తోటలు. వరసలో ఎక్కువమంది మా కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేతపనివాళ్లే. ఇంటికి ఒక గది, గది వెనక రెండు మూడు మంచాలు పట్టేంత పెరడు, చుట్టూ గోడ, మూలన నీళ్లు పోయే మోరీ. పాయఖానా మాత్రం వరసంతటికీ ఒక్కటే, వీధి చివర.

ఆ పెరట్లో అమ్మ కోళ్లు పెంచేది. మొదటి నల్లకోడిని పుట్టింటి నుంచి గంపలో పెట్టి, మీద తువ్వాలు కప్పి, రైల్లో తెచ్చింది. దారిలో అది అరిచిందంటే టికెట్ల ఆయన దింపేస్తాడన్న భయంతో ఒళ్లో పెట్టుకుని రాత్రంతా నిమురుతూ కూర్చుందట. అమ్మకు ఆ కోడి ఊరి నుంచి తోడొచ్చిన మనిషితో సమానం. పని నుంచి రాగానే నన్ను పలకరించకముందే పెరట్లోకి తొంగిచూసి "ఏమే, తిన్నవా?" అని దాన్నే అడిగేది. నాకు కోపం వచ్చేది కాదు. రోజంతా నేనూ దానితోనే కదా మాట్లాడేదాన్ని.

అంతకుముందు నేను బడికి పోయేదాన్ని. మున్సిపాలిటీ వాళ్ల తెలుగు బడి ఉండేది, మధ్యాహ్నం పూట. అమ్మ పనిలో చేరాక కోళ్లకు కావలి ఎవరన్న మాట వచ్చింది. చెరకు తోటల మీద గద్దలు తిరిగేవి; కోడిపిల్లలను రెప్పపాటులో ఎత్తుకుపోయేవి. వీధిలో లారీలు, కొత్త కొత్త మనుషులు. ఆడపిల్ల ఒంటరిగా బడికి ఎట్లా పోతుంది, పెరట్లో ఉంటే పిల్లా భద్రం, కోళ్లూ భద్రం అని బాపు తేల్చేశాడు. మా బాపు చెడ్డవాడు కాదు. ఊరు విడిచి వచ్చిన మనిషికి ఉన్నదంతా పోతుందేమోనన్న భయం ఎప్పుడూ వెంట ఉంటుంది. ఆయన భయం తాళం రూపంలో ఉండేది, అంతే. కానీ నా పుస్తకాల సంచి మేకుకు వేలాడుతూ ఉండేది. కోళ్ల కావలి తీరితే తప్ప అది కిందికి దిగదని నాకు అర్థమైంది.

అయినా మొదట్లో నాకొక దారి ఉండేది. పక్క ఖోలీ మా పెద్ద మేనత్తది. బాపుకు సొంత అక్క. మామయ్య పోయాక ఒక్కతే ఉంటూ ఇంటిదగ్గరే దారపు బాబిన్లు చుట్టేది. రెండు పెరళ్ల మధ్య గోడ అంత ఎత్తేమీ కాదు. ఖాళీ డబ్బా బోర్లించి ఎక్కితే అత్త చేతులు అందేవి. మధ్యాహ్నం ఆమె నన్ను అటు దింపుకుని ఇంత జొన్నరొట్టె పెట్టేది, నాకు పని పడితే వీధి చివర పాయఖానాకు తీసుకుపోయేది, మళ్లీ ఇటు దింపేది. బాబిన్ల చుట్టూ పడి ఉండే దారపు పెట్టెల మీద గుజరాతీ అక్షరాలుండేవి. వాటిని వేలితో దిద్దుతూ, వీధిలో వినిపించే మాటలతో పోల్చుకుంటూ ఆ భాష చదవడం నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే.

ఒక వేసవిలో నల్లకోడి నిండుగా పిల్లలను లేపింది. గద్దకు పండగ అయింది. నేను చీపురు పట్టుకుని ఎంత అరిచినా పైనుంచి నీడ పడటం, పిల్ల లేచిపోవడం ఒక్కసారే జరిగేవి. ఉన్నవి సగమయ్యాయి. అమ్మ అన్నం తినడం మానేసింది. అప్పుడు బాపు పెరడంతటికీ పైన వల కడతానన్నాడు.

కార్ఖానాలో తీసేసిన నైలాన్ దారం తెచ్చాడు. పోగులు కలిపి పేని, నాలుగు గోడలకూ వరసగా మేకులు కొట్టి, ముందు పొడవునా పడుగు లాగి, తర్వాత అడ్డంగా పేక దూర్చుకుంటూ వచ్చాడు. దారం దారం కలిసిన ప్రతిచోటా ముడి వేశాడు. వరసలో వాళ్లంతా చూడటానికి వచ్చారు. గద్ద రాకుండా అంత దగ్గరగా అక్కర్లేదు, ఇంత సందు వదిలినా చాలని ఎవరో అన్నారు. బాపు నవ్వాడు. నేతపనిచేసే మనిషి కంటికి సందు అంటే తప్పు. బట్టలో ఒక్క పోగు తప్పినా సేఠ్ ముక్కను విసిరికొట్టే చోట బతికినవాడు ఆయన. గోడకూ వలకూ మధ్య వేలు కూడా దూరకుండా బిగించాడు. చివరి ముడి వేసి, పైకి చూసి, సాంచా మీద గుడ్డను తడిమినట్టు దాన్ని అరచేత్తో తడిమాడు.

"ఇగ ఏ గద్ద వస్తదో రమ్మను" అన్నాడు.

మేనత్త గోడ అవతలి నుంచి వలలోంచి చూస్తూ, "గద్ద రాదు గని తమ్మీ, పోరి నా దిక్కు ఎట్ల వస్తది?" అని అడిగింది.

"ఎందుకు రావాలె? రొట్టె పొద్దుగాల్నే పెట్టిపోతం."

"తాళంచెవన్న నా దగ్గర పెట్టు."

"నువ్వు బాబిన్లు ఇయ్యపోతవు. తాళం తీసి, మళ్ల ఎయ్య మరుస్తవు. పిల్ల వీధిల పడ్డంక ఎవలు జవాబుదారి?"

నిజమే, గద్ద రాలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చేసరికి వల నీడ నేల మీద, కోళ్ల మీద, నా చేతుల మీద గళ్లుగళ్లుగా పడేది. నేను ఎక్కడికి జరిగితే అక్కడికి ఆ గళ్లు వచ్చేవి. డబ్బా ఎక్కినా తల వలకు తగిలేది. అత్త చేతులు రావు, గొంతు వచ్చేది. గోడకు అటూ ఇటూ కూర్చుని కథలు చెప్పుకునేవాళ్లం. ఏదైనా పని పడితే మోరీ దగ్గర మూలకు పోవడమే. ఈడుకొస్తున్న పిల్లకు అది ఎంత సిగ్గో! గోడ అవతల అత్త చెవులకు వినిపిస్తుందేమోనని నీళ్లు చెంబుతో గట్టిగా పోసేదాన్ని. నల్లకోడి మొదట కొన్నాళ్లు గోడ మీదికి ఎగరబోయి వలకు కొట్టుకుని కిందపడేది. అంతకుముందు పిల్లి కనబడితే అది అట్లాగే గోడెక్కి కూర్చునేది. తర్వాత ఎగరడం మానేసింది.

ముంగిస పట్టపగలు వచ్చింది. చెరకు తోట వైపు నుంచి మోరీలో దూరి, తల పైకెత్తి, పెరటి మధ్యకు తీరిగ్గా నడిచింది. నేను గడపలో కూర్చుని ఉన్నాను. అంత చిన్న జంతువు ఏం చేస్తుందిలే అనుకున్నాను. అది ఒక పెట్టను మెడ దగ్గర పట్టింది. కోళ్లన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. లేచి, వలకు తగిలి, కిందపడి, మళ్లీ లేచాయి. రెక్కల చప్పుడు, ఈకలు, దుమ్ము. నల్లకోడి కాళ్లు దారాల్లో చిక్కుకుని తలకిందులుగా వేలాడింది. ముంగిస పట్టినదాన్ని తినలేదు. వదిలేసి ఇంకోదాన్ని పట్టింది. చీపురు విసిరితే నా వైపు చూసి పళ్లు చూపించింది.

నేను గదిలోకి పరిగెత్తి వీధి తలుపు బాదాను. కార్ఖానాల్లో పాళీ మారే వేళ. దారిలో మనుషులు పోతున్నారు. ఒకాయన ఆగాడు. గొళ్లెం కదిలించిన చప్పుడు వినిపించింది.

"అరే, బాహర్ తాలా హై. చాబీ కిధర్ హై, బేటీ?"

తాళంచెవి పాండేసర కార్ఖానాలో బాపు జేబులో ఉంది. ఆయన ఇంకెవరితోనో ఏదో అన్నాడు. ఇద్దరూ తాళాన్ని లాగారు. బాపు కొన్న తాళం మంచిది. రాలేదు. ఆ తలుపుకు లోపలి నుంచి నా వీపు ఆనించి, వెనక పెరట్లో చప్పుడు ఒక్కొక్కటిగా తగ్గిపోవడం విన్నాను. అంత భయం నేను మళ్లీ ఎరగను. ముంగిస నన్ను తింటుందని కాదు. పిలిస్తే మనిషి వచ్చాడు, వచ్చినా ఏమీ చేయలేకపోయాడు, అదీ భయం.

అప్పుడు మేనత్త గొంతు పెరటి వైపు నుంచి వచ్చింది. "బిడ్డా, ఇటు రా! గోడ కాడికి రా!" ఆమె తన పెరట్లో డ్రమ్ము మీదికెక్కి, దారాలు కోసే చిన్న కత్తెరతో వలను కోస్తోంది. నైలాన్ పేనిన దారం ఒక పట్టాన తెగదు. పళ్లు బిగించి, బాపును తిడుతూ కోసింది. "ఏం పేనినవురా తమ్మీ, నీ చేతులు పాడుగాను, ఏం పేనినవురా!" మూరెడు తెగగానే, డబ్బా ఎక్కి నిలబడ్డ నా రెండు చేతులూ పట్టి పైకి లాగింది. నా వెనకే, నా తల పక్కనుంచే, మిగిలిన కోళ్లు ఆ సందులోంచి దూసుకొచ్చి గోడ మీద వాలాయి. వాలి, ఏమీ జరగనట్టు ఈకలు సవరించుకున్నాయి. ముంగిస కొంతసేపు కింద తిరిగి, వచ్చిన దారినే పోయింది.

సాయంత్రం అమ్మ వచ్చి వలలో వేలాడుతున్న నల్లకోడిని చూసింది. ఏడవలేదు. కత్తెర ఇస్తే వద్దంది. దాని గోళ్లలో చిక్కిన దారాలను ఒక్కొక్క ముడీ విప్పుతూ చాలాసేపు నిలబడింది.

బాపు ముందు చూసింది చినిగిన వలను. "ఎవలు కోసిండ్రు?"

"నేనే" అంది మేనత్త.

"ముంగిస మోరీలకెల్లి వస్తే మీది వల కోస్తరా అక్కా? మోరీ ముయ్యాలె గని!"

"మూస్తవు. రేపు ఇంకో తొవ్వల వస్తది. వచ్చిన్నాడు ఇవి ఏడికి పోవాలెరా?"

"ఏడికీ పోవద్దు. లోపట్నే ఉండాలె."

"లోపట ఉన్నయే సచ్చినయి కదరా!"

బాపు వినిపించుకోలేదు. ఆ పూటే ఇటుక పెట్టి, సిమెంటు మెత్తి, చిన్న బెజ్జం మాత్రం వదిలి మోరీ మూశాడు. తెగిన చోట వలను ముందుకంటే దగ్గరగా ముడులు వేసి అతికాడు. మర్నాడు పొద్దున గొళ్లెం, తాళం, గుంజుడు. ఇప్పుడు పెరట్లో నీళ్లు కూడా సరిగా పోయేవి కావు. అక్కడే నిలిచి వాసన కొట్టేవి. నేను ఆ మూలకు పోవడం మానేశాను. నీళ్లు తాగడమూ తగ్గించాను. సాయంత్రం అమ్మ తాళం తీయగానే ఆమెను దాటుకుని వీధి చివరకు పరిగెత్తేదాన్ని. ఆడుకోవడానికి అంత తొందర ఏమిటే అని అమ్మ నవ్వేది. నేను చెప్పలేదు. ఇట్లాంటివి చెప్పేదెట్లాగో నాకు తెలియదు.

ఎట్లా పసిగట్టిందో గాని, మేనత్తకు తెలిసింది. గోడ అవతల చెంబు చప్పుడు ఆగిపోవడం విన్నదేమో.

కార్ఖానాకు ఛుట్టీ వచ్చిన రోజు బాపు పొద్దెక్కేదాకా పడుకున్నాడు. అమ్మ బజారుకు పోయింది. అత్త వచ్చి, నా చేయి పట్టుకుని బయటికి తెచ్చి, మేకుకున్న బాపు తాళాన్నే చెవితో సహా తీసి తలుపుకు వేసింది. ఒకసారి గుంజి చూసింది కూడా. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెట్టు మీద బాబిన్లు చుట్టడం మొదలుపెట్టింది. ఎండలో, వీధిలో కూర్చున్నానని నాకు ఎంత సంతోషమో, లోపల బాపు ఉన్నాడని అంత దడ.

కాసేపటికి తలుపు కదిలింది. "ఏ, ఎవలు బయట? తలుపు తియ్యుండ్రి!"

"నేనేరా తమ్మీ. మంచిగ పండుకో. బయట లారీలు తిరుగుతున్నయి, నిన్ను గుద్దుతయి."

"ఏందక్కా పరాచికం? తియ్యి."

"తీసి, మళ్ల ఎయ్య మరుస్తనేమో. ఎవలు జవాబుదారి?"

వరసలో వాళ్లు ఒక్కొక్కరే పోగయ్యారు. ఒకాయన "ఏం నేరం చేసిండు పెద్దమ్మా?" అన్నాడు. "గుడ్లు పెడుతలేడు, పొదుగ ఏసిన" అంది అత్త. అందరూ నవ్వారు. లోపల బాపు కూడా నవ్వాడు మొదట. తర్వాత బతిమాలాడు. తర్వాత తిట్టాడు. తర్వాత పెరట్లోకి పోయి వచ్చినట్టున్నాడు. మళ్లీ తలుపు దగ్గరకు వచ్చినప్పుడు గొంతు మారింది.

"అక్కా, అందరిని పొమ్మను. జర పాయఖానకు పోవాలె."

అత్త చేయి ఊపితే జనం తప్పుకున్నారు. ఆమె గొంతులో ఎగతాళి లేదు. "పెరట్ల మోరీ ఉండె కదరా."

"మూసిన కదనే."

"ఔ, మూసినవు."

నేను తలుపు చెక్కల మధ్య సందును చూస్తున్నాను. ఆ సందులో బాపు చొక్కా కొంచెం కనిపిస్తోంది, కదలడం లేదు. చివరికి చాలా మెల్లగా అడిగాడు. "మరి పిల్ల... పిల్ల ఎట్ల చేస్తుందే?"

"నాకేం ఎరుక? నీ బిడ్డ ఈడ్నే ఉన్నది, అడుగు."

బాపు నా పేరు పిలిచాడు. నేను తల వంచుకుని బాబిన్ మీది దారం కొస వెతుకుతూ ఉండిపోయాను. ఆయనకు జవాబు అందింది. అత్త లేచి తాళం తీసింది. బాపు బయటికి వచ్చి, మా ఇద్దరి వైపూ చూడకుండా, వీధి చివరకు నడిచాడు.

తిరిగి వచ్చాక అత్తను కత్తెర అడిగి తీసుకున్నాడు. పెరట్లో డబ్బా మీదికెక్కి, గోడకు ఆనుకున్న ఆ మూల వలను తానే కోశాడు. మనిషి పట్టేంత కోశాడు. కోస్తున్నంతసేపూ ఆయన ముఖం తన సొంత బట్టను చించుతున్నవాడి ముఖంలాగే ఉంది. కోళ్లు ఎగిరి కూర్చోవడానికి ఒక దూలం అడ్డంగా బిగించాడు. మోరీ ఇటుక పీకేసి, నీళ్లు పోయేట్టు ఇనుప ఊచలు పెట్టాడు. పొద్దుగూకాక కోళ్లను మూయడానికి చెక్కపెట్టె చేశాడు. తలుపుకు లోపలి వైపు కొత్త గొళ్లెం కొట్టి, తాళానికి ఉన్న రెండో చెవిని నాకిచ్చాడు. క్షమించమని అనలేదు. అప్పటి తండ్రులకు ఆ మాట రాదు. "బడి మధ్యాహ్నమే కదా? పోయేటప్పుడు అత్తకు చెప్పిపో" అన్నాడు.

ఆ సందులోంచి గద్ద మళ్లీ వచ్చిందా అంటే, వచ్చింది. ఒకటో రెండో కోడిపిల్లలను ఎత్తుకుపోయింది. బాపు పళ్లు కొరికాడు కానీ ఆ మూలకు ముడి వేయలేదు.

బడి ఎక్కువకాలం సాగలేదు, ఏడో తరగతితో ఆగింది. మిగిలిన చదువంతా లైబ్రరీ చదువే. బస్సెక్కి పోయి, గంటలకొద్దీ కూర్చుని, తెలుగు పుస్తకాలు దొరక్కపోతే గుజరాతీవి, అవి అయిపోతే హిందీవి చదివాను. జంతువుల గురించిన ఒక పుస్తకంలో వేటాడే ప్రాణి సంగతి ఉంది. పారిపోలేని చోట చిక్కిన ఎర దొరికితే అది ఆకలి తీరినా ఆగదట. ఎదురుగా కొట్టుకులాడేదల్లా దాన్ని మళ్లీ మళ్లీ రెచ్చగొడుతుందట. బయట అయితే ఒకటి దొరుకుతుంది, మిగిలినవి చెదిరిపోతాయి, అక్కడితో అయిపోతుంది. ఆ పేజీని తెలుగులో చెప్పుకుంటూ మేనత్తకు వినిపించాను. అప్పటికి ఆమెకు కళ్లు సరిగా ఆనవు. "ఇంకోపారి చదువు బిడ్డా" అని మళ్లీ చదివించుకుంది. పుస్తకంలో తమ్ముడి గురించి ఏమైనా రాశారా అని అడిగి నవ్వింది.

ఆమె పోయి చాలా కాలమైంది, బాపూ పోయాడు. చెరకు తోటలు లేవు. కానీ వడోద్‌లో ఖోలీల వరసలున్నాయి. ఇప్పుడు ఒడిశా నుంచి, బీహార్ నుంచి, మా వైపు నుంచి కూడా కొత్త కొత్త జంటలు వచ్చి ఉంటున్నారు. ఇద్దరూ పనికి పోతారు. వాళ్ల భయం నాకు తెలుసు, తప్పు పట్టను. సాయంత్రం నడకకు పోయినప్పుడు బయట తాళం పడిన తలుపు ముందు పసిపిల్లల చెప్పులు కనిపిస్తే మాత్రం నేను ఆ తలుపు దాటి పోలేను. దగ్గరికి పోయి, గొంతు తగ్గించి, లోపల ఎవరని పిలుస్తాను. ఏ భాషలో పలికితే ఆ భాషలో మాట్లాడతాను. అన్నం తిన్నావా అని అందరూ అడుగుతారు. అది వాళ్లమ్మ చూసుకునే పోయి ఉంటుంది. నేను అడిగేది ఒక్కటే. "బిడ్డా, పొద్దటినుంచి పాయఖానకు పోయినవా?"

తలుపు అవతల చప్పుడు ఆగిపోతుంది. అది ఎట్లాంటి మౌనమో నాకు తెలుసు. ఆ మెట్టు మీదే కూర్చుంటాను, తల్లిదండ్రులు పని నుంచి వచ్చేదాకా.